చౌడక్క చేతి తరుగు

ధర్మవరం పట్టుచీర కట్టుకున్నవాళ్లను ఎక్కడ కొన్నారని అడిగితే అమ్మిన సావుకారు పేరు ఠక్కున చెబుతారు. కాస్త ఆరా తీసేవాళ్లయితే నేసినాయన పేరు కూడా చెబుతారు. ఆ చీరకు పోగు చుట్టిపెట్టిన ఆడమనిషి పేరు మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పరని వాళ్లను తప్పుపట్టడానికీ లేదు, ఎవరూ అడగరు కాబట్టి.

చౌడక్క ఇరవై రెండేళ్లు పట్టు చుట్టింది. పెళ్లయిన మూడో నెలలో అత్త రాట్నం ముందు కూర్చోబెట్టింది, అంతే. హిందూపురంలో పట్టుగూళ్లను వేడినీళ్లలో వేసి పోగు తీస్తారు. ఆ పోగు చిలపలనే వదులు చుట్టలుగా ధర్మవరానికి వస్తుంది. చిలపను పరివట్టం అనే వెదురు చట్రం మీదికెక్కించి, కొస వెతికి పట్టుకుని, రాట్నం తిప్పుతూ కండెలకు చుట్టాలి. చెప్పడానికి రెండు ముక్కలే. చుట్టేటప్పుడు తెలుస్తుంది, వెంట్రుకకన్నా సన్నగా ఉన్న పోగును కళ్లు చూడలేవని, వేళ్లే చూడాలని. చౌడక్క వేళ్లు చూసేవి.

ఈశ్వరప్ప అనే సావుకారు ఆమెకు చిలపలు ఇచ్చేవాడు. సేరు చిలపలు ఇస్తే, చుట్టిన కండెలూ, తెగి పనికిరాకుండా పోయిన తుక్కూ రెండూ తిరిగి తెచ్చి తక్కెడలో పెట్టాలి. ఆ తుక్కును తరుగు అంటారు. సేరుకు రెండు తులాల లోపల ఉంటే మంచి చెయ్యి, దాటితే చెడ్డ చెయ్యి. తక్కెడకు అంతకుమించిన తెలివి ఎక్కడిది? చౌడక్క చేతి తరుగు ఏనాడూ రెండు దాటలేదు. మగ్గం గుంతలో కూర్చుని కూర్చుని ఆమె మొగుడు ఉలిగప్ప మోకాళ్లు బిగుసుకుపోయి నేత మానేసిన తర్వాత ఆ ఇంట్లో పొయ్యి మండేది ఈ చిలపల మీదే.

పందొమ్మిదివందల యాభై ఎనిమిది ఎండాకాలంలో తరుగు మూడు తులాలయింది. ఆ తర్వాత మూడున్నర.

ఈశ్వరప్ప చెడ్డవాడేమీ కాదు. వాళ్ల కులపాయనే, వరసకు అన్న. తక్కెడ కిందపెట్టి నిదానంగానే అన్నాడు.

"చౌడక్కా, పోయిన తూరి కూడా ఇంతే ఉన్నెది. నీ మింద నాకు అనుమానం లేదు. చెయ్యి దిగిపోతాంది, అంతే. ఇంక రెండు తూర్లు చూస్తా. ఇట్లే ఉంటే చిలపలు ఎదురింటి బుజ్జమ్మకు ఇస్తా."

"చెయ్యి కాదన్నా. చిలపల్లోనే ఉండాది తప్పు. ఒక్కోదాంట్లో ఏడెనిమిది తావుల పోగు తెగింటాది. తెగినచోట ముడి వెయ్యకుండా కొస మింద కొస పడేసి చుట్టేసినారు. ఆ కొస దొరికేలోపల పై పొరంతా పీకి పారేయాల్సి వస్తాంది."

"హిందూపురంలో అడిగితే గూళ్లు బాగలేవంటారు. గూళ్లు తెచ్చే రైతునడిగితే ఎండ ఎక్కువగా ఉండాదంటాడు. ఎండను ఎవరు పోయి అడగల్ల?" అని నవ్వినాడు ఈశ్వరప్ప.

చౌడక్కకు నవ్వు రాలేదు. ఊరూరా మంచి పట్టు తుక్కయిపోతుంటే ఒకరి మీద ఒకరు తోసుకుంటూ పోవడమేనా? పైనుంచి దొర్లుకుంటూ వచ్చిన తప్పంతా చివరికి తన తక్కెడలోనే ఎందుకు పడాలి?

తరువాతి సేరు చుట్టడం అయ్యాక, తూకానికి పోకముందే, ఆ తుక్కును గుడ్డలో మూటగట్టి సంచిలో పెట్టుకుంది. చుట్టకుండా ఒక చిలప కూడా దాచి తీసుకుంది. పెనుకొండలో చెల్లెలిని చూసి వస్తానని ఉలిగప్పతో చెప్పింది. రైలు పెనుకొండలో ఆగింది. చౌడక్క దిగలేదు. అబద్ధం చెప్పినందుకు భయం వేసింది గానీ హిందూపురం టికెట్టు అప్పటికే కొంగున ఉంది.

హిందూపురంలో ఈశ్వరప్ప చిలపలు కొనే కొట్టాన్ని వెతకడం కష్టం కాలేదు. ఉడికిన పురుగుల వాసన పట్టుకుని నడిస్తే చాలు. లోపల ఏడుగురు ఆడవాళ్లు ఏడు వేడినీళ్ల తొట్ల ముందు కూర్చుని, గూళ్లలోంచి చరకాల మీదికి పోగు తీస్తున్నారు. చౌడక్క చిలప బయటికి తీసి, ఇది ఎవరిదని అడిగింది. చివరి తొట్టి దగ్గరామె తల ఎత్తి చూసింది. ఆమె పేరు బాలనాగమ్మ.

"నాదే. నా చేతి చిలప నాకు తెల్దా? యాడ నుంచి వస్తివక్కా?"

చౌడక్క దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ నాలుక మీద ఉన్నాయి. దులిపేద్దామనే వచ్చింది. కానీ బాలనాగమ్మ చిలప అందుకోవడానికి చెయ్యి చాచింది. వేడినీళ్లలో నాని నాని ఆ వేళ్లు తెల్లగా ఉబ్బి, గోళ్ల చుట్టూ పగిలి ఉన్నాయి. చౌడక్క మాటలు మింగేసి, తుక్కు మూట విప్పి చూపించింది.

బాలనాగమ్మ ఆ తుక్కును వేళ్లతో విడదీసి చూసింది. "ఇంత పోతాందా?" అంది. తన చేతిలోంచి పోయిన పోగు ముందుకెళ్లి ఏమవుతుందో ఆమెకు అంతవరకూ తెలియదు.

"ముడి వెయ్యల్లంటే చరకా నిలపల్లక్కా. నిలిపితే తొట్లో గూళ్లన్నీ మెత్తబడి పాడైపోతాయి. గూళ్లేమో ఎండలో బండి మింద రెండు దినాలు తిరిగి వస్తాండాయి, పోగు పట్టుకుంటేనే తెగుతాది. పొద్దుగూకేలోపల ఇన్ని చిలపలని మాకు లెక్క. ముడి ఏసినామా లేదా అని మా యజమాని చూడడు."

ఇంక ఎవరి మీద కోప్పడాలి? చౌడక్క ఇంత దూరం వచ్చి ఊరికే తిరిగిపోవడానికి మనసు రాక అక్కడే తొట్టి పక్కన కూర్చుంది. బాలనాగమ్మే మళ్లీ మాట ఎత్తింది.

"ముడి వెయ్యలేను గానీ, తెగినచోట ఎర్ర దారం ముక్క ఒకటి తగిలిస్తా. అదైతే చరకా తిరుగుతాండగానే పడుతుంది. చిలప దించేటప్పుడు జారకుండా కట్టుకుంటా. నువ్వు ఎర్ర దారం కింద ఎతుక్కో, కొస ఆడే ఉంటాది."

చౌడక్క తన సంచి అంచుకున్న ఎర్ర నూలంతా పీకి ఆమె చేతిలో పెట్టింది. ఇద్దరూ అంతకు ముందు ఒకరినొకరు చూసినవాళ్లు కారు, అయినా పోయేటప్పుడు బాలనాగమ్మ తన సద్దిలోంచి సగం సంగటి ముద్ద పెట్టింది.

ఆ మూడు నెలలు చౌడక్క బతుకులో మంచి నెలలు. ఆమెకు వచ్చే చిలపల్లో ఎక్కువ బాలనాగమ్మవే. విప్పగానే అక్కడో ఎర్ర ముక్క, ఇక్కడో ఎర్ర ముక్క కనిపించేవి. దాని కింద గోరు పెడితే కొస లేచి వచ్చేది. తానే ముడి వేసుకుని రాట్నం తిప్పేది. తరుగు రెండుకు దిగింది, ఒకటిన్నరకు దిగింది, ఒకసారి తులంపావు దగ్గర ఆగింది. ఉలిగప్ప అరుగు మీద కూర్చుని, "ఏంమే, పట్టుపురుగులతో మాట్లాడుకొచ్చినావా ఏంది?" అని ఎగతాళి చేసేవాడు.

ఈశ్వరప్ప తక్కెడను రెండుసార్లు చూసుకున్నాడు. ఎట్లా చేసినావని అడిగినాడు. చౌడక్క ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ ఇరవై రెండేళ్లలో ఆమె పనిని గురించి ఒకరు అడగడం అదే మొదటిసారి. సంతోషం పట్టలేక అంతా చెప్పేసింది, రైలెక్కడం, బాలనాగమ్మ, ఎర్ర దారాలు, అన్నీ. చిలప తెచ్చి చూపించింది కూడా.

ఈశ్వరప్ప దారాలు లెక్కపెట్టినాడు. ఒక్క చిలపకు ఎనిమిది ఉన్నాయి. తల ఊపి చిలప తిరిగి ఇచ్చినాడు.

పది రోజులకు హిందూపురం పోయి కొత్త చిలపలు తెచ్చినాడు. ఈసారి ఆయనే స్వయంగా చౌడక్క ఇంటికి వచ్చి గంప దించినాడు. మొహం వెలిగిపోతోంది.

"చూడు చౌడక్కా, ఒక్క ఎర్ర దారం లేదు. తెగిన పట్టు నాకొద్దని కొట్టమాయనతో గట్టిగా చెప్పినా. ఆయప్ప చిలపలన్నీ తీసి చూసినాడు. ఆరుగురి చిలపల్లో ఒక్క దారం కూడా లేదు. ఉండేవన్నీ ఆ బాలనాగమ్మవే. నా ముందరే ఆయమ్మను పనిలోంచి తీసేసినాడు. నీ పీడ వదిలింది. ఇంక తరుగు తులంపావు దాటే పని లేదు."

చౌడక్క గంప ముట్టలేదు. "అన్నా, తెగేది అందరికీ తెగుతాది. ఆయమ్మ ఒక్కతే తెగిందని చెప్పింది. మిగిలినోళ్లు చెప్పలేదు, అంతే."

"తెగింటే కనపడాల గదా. యాడ తెగిందో చూపించు." ఈశ్వరప్ప ఒక చిలప తీసి ఆమె ముందు పెట్టినాడు.

చిలప నున్నగా ఉంది, ఎక్కడా గీత లేదు. చౌడక్క దాన్ని అటూ ఇటూ తిప్పింది, వెలుతురులో పట్టి చూసింది. తెగినచోటు కనిపించకుండా ఉండడమే కదా అసలు రోగం, దాన్ని చూపించమంటే ఎట్లా చూపించేది? ఈశ్వరప్ప పనుందని వెళ్లిపోయినాడు.

చౌడక్కకు ఆ రోజు కూడు సయించలేదు. హిందూపురం పోయి బాలనాగమ్మ ముందు నిలబడాలనిపించింది. నిలబడి ఏమని చెప్పాలో తెలియక పోలేదు. సంతకు పోయివచ్చినవాళ్లను అడిగించింది. బాలనాగమ్మ తలుపుల అనే ఊరి దగ్గర ఎవరి చేనికో వేరుశనగ బుడ్డలు పెరికే కూలికి పోయిందని చెప్పినారు. అంతకుమించి ఎవరికీ తెలియదు.

కొత్త చిలపలు చుట్టడానికి తొమ్మిది రోజులు పట్టింది. ప్రతి చిలపలోనూ పోగు ఎక్కడో ఒకచోట ఆగిపోయేది. గోటితో వెతికీ వెతికీ దొరకక పై పొరలు పీకేది. పీకిన పోగు పక్కన కుప్ప పడుతుంటే ఉలిగప్ప అరుగు మీంచి చూస్తూనే ఉన్నాడు. ఎగతాళి చేయలేదు.

తూకం రోజున తరుగు నాలుగు తులాలు తేలింది.

ఈశ్వరప్ప తుక్కును చేతిలోకి తీసుకుని నలిపి చూసినాడు. ఈసారి ఆయనకు నిజంగానే అనుమానం వచ్చింది. అయితే ఆమె మీద కాదు.

"ఎవరి చిలపలు ఇవి? మిగిలిన ఆరుగురి చేతులూ నువ్వు పోల్చుకుంటావు గదా. పేరు తెలీకపోయినా, ఇదిగో ఈ కట్టు చిలపలని చూపించు చాలు. రేపే పోతాండా హిందూపురం. ఆయమ్మను కూడా మాన్పిస్తా. నీ పని నీకుంటాది."

చౌడక్కకు తెలుసు. తుక్కులో ఎక్కువ భాగం నీలం గుడ్డ పేలికతో కట్టి వచ్చిన చిలపలదే. ఆ కట్టు కట్టినామె ఎవరో ఆమె చూడలేదు. పేరు తెలియదు. వేళ్లు మాత్రం ఎట్లా ఉంటాయో తెలుసు. నీలం పేలిక ఆమె ఒళ్లోనే ఉంది.

"చిలపలు బాగుండాయన్నా," అంది. "నా వేళ్లే మొద్దుబారినాయి."

ఈశ్వరప్ప ఇంకొకసారి అడిగినాడు. చౌడక్క అదే మాట చెప్పింది. ఆయనకు జాలి వేసింది, మాట తప్పే మనిషి మాత్రం కాదు. మిగిలిన చిలపల గంప ఎత్తుకుని వీధి దాటి బుజ్జమ్మ గడపలో దించినాడు. బుజ్జమ్మ సంతోషంగా బయటికి వచ్చి, నున్నగా ఉన్న చిలపను చేతిలోకి తీసుకుని, ఇంత మంచి పట్టు ఎప్పుడూ చూడలేదంది.