ఫౌజుకు పోయిన ఫ్యాక్టరీ

అక్టోబరు మొదటి వారంలో మంచుకొండ మీది సరిహద్దు పోస్టుకు చేరాను. మధ్యాహ్నం రెండున్నర. మైనస్ పన్నెండు. ఎత్తు ఇరవై వేల అడుగులని మా ధూల్‌పేట్‌లో అందరికీ చెబుతుంటాను. నిజానికి పదిహేను వేలే. చాయ్ హోటల్లో కూర్చుంటే కొండ కాస్త పెరుగుతుంది. చెవి పక్కనుంచి తూటా పోయిందన్నదీ అంతే. ఏడు నెలలు నేను పోరాడింది కిరోసిన్ స్టవ్‌తో.

బంకర్‌లో ఐదుగురం. తెలుగు వచ్చినవాళ్లం ఇద్దరమే: నేను, వరంగల్ నుంచి వచ్చిన రేడియో ఆపరేటర్. రెండేసి గంటల కాపలా. ఎటు చూసినా తెలుపు. మనిషి గొంతు కోసం ఆకలేసేది. ఆపరేటర్ వార్తలు విని చెప్పేవాడు.

"అన్నా, ఈసారి ఫౌజుకు మస్తు పైసలు పెంచిన్రు."

"యాడికెల్లి తెస్తర్రా?"

"పన్నులు పెంచుతరు. అప్పు తెస్తరు. సాలకుంటే ఉన్న ఫ్యాక్టరీలు అమ్ముతరు."

మా బాపు సర్కారు ఫ్యాక్టరీలో అప్పటికి ముప్పై ఏళ్లుగా లేత్ మిషన్ మీద పనిచేస్తున్నాడు. ఆ జీతం మీదే ఇల్లు.

ఆదివారం ఫోన్. మనిషికి రెండు నిమిషాలు. పదకొండు నలభైకి నా వంతు వచ్చింది.

"బాపూ, ఫ్యాక్టరీ సంగతేంది?"

"అమ్మేసిన్రు బిడ్డా. గేటుకు తాళం పడ్డది. గా పైసలు ఫౌజుకే పోతయంట. నీకేమన్న ముట్టిందా?"

"ముట్టింది బాపూ. కొత్త బూట్లిచ్చిన్రు. మస్తు వెచ్చగున్నయి."

"గట్లయితే ఫికర్ లేదు. నేను ఇంట్ల కూసోని చాయ్ తాగుతున్న."

ఫోన్ పెట్టాక ఆపరేటర్ నా కాళ్ల వైపు చూశాడు. "ఏ బూట్లన్నా? గా అతుకులేసినవేనా?"

కొత్తవి కనుమ అవతల, మంచులో ఆగిన లారీలో ఉన్నాయి. సర్కారు సొమ్ము ఒక జేబులోంచి నేరుగా ఇంకో జేబులోకి పోదని బాపుకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ చలికాలమంతా ఆ అబద్ధంతోనే పడుకున్నాను.

మే నెలలో సెలవు దొరికింది. పొద్దున ఏడింటికి నాంపల్లిలో రైలు దిగి, ఉస్మాన్‌గంజ్ బజారు మీదుగా ఇంటికి నడిచాను. వెనకనుంచి ఎవరో హమాలీ.

"జరుగు భాయ్, జర జరుగు."

జరిగాను. మిర్చి బస్తా కింద బాపు. నడుము వంగి ఉంది, తల ఎత్తలేడు. నా మొహం చూడకుండానే దాటిపోయాడు.

ఉరికి బస్తా అందుకున్నానని నలభై మందికి చెప్పి ఉంటాను. అందుకోలేదు. పిలవలేదు కూడా. ఒక దుకాణం షట్టర్‌కు ఆనుకుని నిలబడిపోయాను. ఇంట్లో కూర్చున్నానన్న మనిషిని ఏమని పిలిచేది?

బేగంబజార్ మలుపు దాకా కనిపించింది: ఎర్రటి మిర్చి దుమ్ము, చెమట కలిసిన మెడ. బస్తా మూలను వెనక్కి చాచి పట్టుకున్న నాలుగు వేళ్లు.