మెట్ల కింది గుడి

కరోనా తర్వాత బడులు మళ్ళీ గాడిలో పడుతున్న రోజుల్లో, అన్నోజిగూడ దగ్గరి బడి నుంచి నాచారంలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు నాకు బదిలీ అయింది. నేను ఎస్జీటీని, అంటే చిన్న తరగతులకు అన్ని సబ్జెక్టులూ చెప్పే టీచర్ని. పదవీ విరమణ ఎంతో దూరంలో లేదు. నాకు రెండో తరగతి ఇచ్చారు. బడికి పెద్ద రాజేశం సార్. ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు బడి నడపడంతో పాటు తనూ ఒక తరగతికి పాఠం చెప్పాల్సిందే. మూడో మనిషి కవిత, కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి.

మా పిల్లల్లో ఎక్కువమంది తల్లిదండ్రులు జనగామ, నల్లగొండ, మెదక్ వైపు నుంచి వచ్చి పారిశ్రామికవాడ కంపెనీల్లో పనిచేసేవాళ్ళు. రెండో తరగతి వయసులో పిల్లలకు నమ్మకం ఎక్కువ. కొత్త పెన్సిల్ తెచ్చుకుంటే ముందు సరస్వతి పటానికి, తర్వాత నా చేతికి ఆనించి, అప్పుడు చెక్కుకునేవాళ్ళు. అప్పు తీసుకునే తీసివేత ఎవరికైనా మొదటిసారి సరిగ్గా వస్తే తరగతంతా చప్పట్లు కొట్టేది. ఇంత చిన్న సంగతికి అంత సంతోషపడే మనుషుల మధ్య రోజంతా గడపడానికి నాకు జీతం ఇస్తున్నారని అప్పుడప్పుడు ఆశ్చర్యం వేసేది.

మధ్యాహ్న భోజనం తర్వాత వాళ్ళ ఆట గుడి ఆట. మేడమెట్ల కింద ఇటుక ముక్క దేవుడు, స్టీలు గ్లాసు గంట. మణిదీప్ పంతులు. వాడు తండ్రితో శివాలయానికి వెళ్ళి వెళ్ళి అక్కడి పంతులు గారి గొంతు అచ్చంగా పట్టేశాడు. వరసలో వచ్చినవాళ్ళను గోత్రం అడిగేవాడు. వాళ్ళు "రెండో తరగతి" అనేవాళ్ళు. వాడు "రెండో తరగతి గోత్రోద్భవస్య" అని కళ్ళు మూసుకుని చదివేవాడు. నేను పుస్తకాలు దిద్దుతున్నట్టు కూర్చుని నవ్వాపుకునేదాన్ని.

అది కార్తీక సోమవారం. రాజేశం సార్ ఉప్పల్‌లో స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి వెళ్ళారు. చుట్టుపక్కల బడుల టీచర్లు ఒకచోట చేరే సమావేశమది. బడిలో నేనూ కవితా ఉన్నాం. భోజనం గంట అయ్యాక లెక్కలు మొదలుపెట్టాను. ముందు బెంచీలో అక్షయ పలక ముందు పెట్టుకుని కదలకుండా కూర్చుంది. వాగుడుకాయ పిల్ల. ఆ రోజు నోరు విప్పలేదు. పెదవి అంచున ఉమ్ము కారుతోంది, తుడుచుకుంటోంది. మంచినీళ్ళు ఇస్తే ఒక గుక్క తాగి, వెంటనే కక్కేసింది.

ఏమైందని అడిగాను. తల అడ్డంగా ఊపింది. గొంతు నొప్పా అంటే అదీ కాదంది. వాళ్ళ నానమ్మ మల్లవ్వ నిష్ఠ గల మనిషి. ఆమెతో పాటు పిల్ల కూడా ఒక్కపొద్దు ఉందేమో, ఖాళీ కడుపున తిప్పుతోందేమో అనుకున్నాను. నేనూ ఆ రోజు ఉపవాసమే, అందుకే ఆ ఆలోచన ముందు వచ్చింది. కానీ వంటావిడను అడిగితే, అందరికంటే ముందు కంచం ఖాళీ చేసింది ఈ పిల్లేనన్నది.

మరి మధ్యలో ఏం జరిగింది? మెట్ల కిందికి వెళ్ళి చూశాను. ఇటుక దేవుడి ముందు ఒక ప్లాస్టిక్ ప్రమిద ఉంది. బ్యాటరీతో వెలిగే దీపం, పండుగలప్పుడు ప్రతి దుకాణంలో వేలాడేదే. కార్తీకమని పిల్లలెవరో ఇంటి నుంచి తెచ్చినట్టుంది. అడుగు మూత ఊడి పక్కన పడి ఉంది. లోపల బిళ్ళ బ్యాటరీ లేదు.

అంతకుముందు ఒక శిక్షణలో పిల్లల డాక్టరమ్మ ఒకరు ఈ బిళ్ళ బ్యాటరీల గురించి చెప్పారు. రూపాయి బిళ్ళ మింగితే కొంత ఆగవచ్చు గానీ, ఇది అన్నవాహికలో ఇరుక్కుంటే తడి తగిలి అక్కడే కాలుస్తుందనీ, గంటల్లోనే బొక్క పడవచ్చనీ అన్నారు. అయితే పిల్ల మింగిందా, లేక బిళ్ళ ఎక్కడో దొర్లిపోయిందా?

తరగతికి వచ్చి, దీపంలో బిళ్ళ ఎవరు తీశారని గట్టిగా అడిగాను. తప్పు చేశాను. అందరూ తలలు దించుకున్నారు. మణిదీప్ మొహం తెల్లబోయింది. ఇంకోసారి అడిగితే ఏడుస్తారు తప్ప చెప్పరని తెలిసింది. మణిదీప్‌ను మెట్ల దగ్గరికి తీసుకువెళ్ళాను. ఇటుక ముందు కింద కూర్చుని చెయ్యి చాపాను.

"పంతులు గారూ, అందరికీ పెట్టిన్రు, నాకు ప్రసాదం పెట్టలేదు."

వాడు కాసేపు నా చేతి వంక చూశాడు. తర్వాత పంతులు గొంతుతోనే జవాబిచ్చాడు.

"అయిపోయింది టీచర్. ఒక్కటే ఉండె. అక్షయకు పెట్టిన."

"నమిలిందా?"

"ప్రసాదం కొరకొద్దు, మింగాలె అని చెప్పిన. మింగింది."

కవితకు అన్ని తరగతులూ అప్పగించి 108కు ఫోన్ చేశాను. దగ్గర్లో బండి లేదు, కొంత సమయం పడుతుందన్నారు. శిక్షణలో నంబరు ఇచ్చిన ఆ డాక్టరమ్మకు చేశాను. అదృష్టం, ఎత్తారు. కక్కించవద్దు, తిండి పెట్టవద్దు, చిన్న క్లినిక్‌ల దగ్గర ఆగవద్దు, నగరంలోని పెద్ద పిల్లల ఆసుపత్రికి నేరుగా వెళ్ళమన్నారు. తేనె చేతికి అందితే దారిలో కొద్దికొద్దిగా నాకించమన్నారు, అది కాలడాన్ని కొంత ఆపుతుందట. తేనె కోసం మాత్రం ఆగొద్దన్నారు.

పిల్ల తల్లి ఒక ప్యాకింగ్ కంపెనీలో పని చేస్తుంది. అక్కడ ఫోన్లు గేటు దగ్గరే పెట్టేయాలి. ఎన్నిసార్లు చేసినా మోగి ఆగిపోతోంది. తండ్రి లారీ మీద పోయి ఉన్నాడు. రాజేశం సార్‌కు చెప్పాను. ఇంటివాళ్ళకు తెలియకుండా పిల్లను గేటు దాటించకూడదు, తాను వచ్చేదాకా ఆగమన్నారు. ఆయన అన్నది నిబంధనే. దారిలో ఏమైనా అయితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయన్నారు, అదీ నిజమే.

"సార్, ఆగితే పిల్ల దక్కదు. మీరు వద్దన్నా నేను పోతున్న," అన్నాను.

ఆయన పిల్ల తల్లి పనిచేసే కంపెనీ ఏదని అడిగారు. చెప్పగానే ఫోన్ పెట్టేశారు.

కవిత పిలిపిస్తే మల్లవ్వ వెనక సందులోంచి పరుగున వచ్చింది. చేతిలో అరటిపండు ఉంది. పండు మింగిస్తే బిళ్ళ కిందికి జారుతుందని ఆమె పట్టు. నేను పండు లాక్కున్నాను. నా ఉద్యోగంలో ఒక పెద్ద మనిషి చేతిలోంచి వస్తువు లాక్కున్నది అదొక్కసారే. ఇంట్లో తేనె ఉందా అని అడిగాను. ఆమె తటపటాయించింది.

"సాయంత్రం అభిషేకానికని తెచ్చిన టీచరమ్మా. మూత గూడ తియ్యలె."

"ముందు పిల్లకు పెడదాం అవ్వా. దేవుడు అడిగితే నా పేరు చెప్పు."

108 కోసం ఆగకుండా, రోడ్డు మీద దొరికిన ఆటోలో పిల్లతో బయలుదేరాం. మల్లవ్వ ఇల్లు దారిలోనే. అక్కడ దిగి, ఆటో మళ్ళీ కదులుతుండగానే సీసా తెచ్చి ఎక్కింది. హబ్సిగూడ చౌరస్తా దగ్గర బండ్లు కదలడం లేదు. డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. మల్లవ్వ వేలితో తేనె నాకిస్తోంది, పిల్ల సగం మింగుతోంది, సగం కారుతోంది. నేను చిన్నప్పటి నుంచి రోజూ పొద్దున స్తోత్రం చదువుతాను. ఆ ఆటోలో ఒక్క ముక్క గుర్తు రాలేదు. పిల్ల గొంతు వంకే చూస్తున్నాను. రోడ్డు పక్కన గుడి కనబడితే, ఒక్క నిమిషం ఆపు బిడ్డా, బొట్టు తెస్తానని మల్లవ్వ డ్రైవర్‌ను బతిమాలింది. వాడు అద్దంలోంచి నన్ను చూశాడు. వద్దన్నాను. ఆమె కూర్చున్నచోటు నుంచే చేతులెత్తి మొక్కింది.

అప్పుడు అక్షయ నా చెవి దగ్గరికి జరిగి, బొంగురు గొంతుతో అడిగింది.

"ప్రసాదం బయటికి తీస్తే దేవునికి కోపం వస్తదా టీచర్?"

భోజనం తర్వాత నుంచి ఆ పిల్ల నోరు ఎందుకు మూసుకుందో నాకు అప్పుడు అర్థమైంది. ఉమ్మితే పాపమని భరిస్తూ కూర్చుంది.

"రాదు. అది ప్రసాదం కాదమ్మా. పంతులు పొరపాటు పడ్డడు. దేవునికి తెలుసు."

"మణిదీప్‌ను కొట్టకుండ్రి."

కొట్టనన్నాను.

ఆసుపత్రిలో ఎక్స్‌రే వెంటనే తీశారు. రొమ్ము ఎముక పైభాగాన తెల్లగా, గుండ్రంగా, అంచున ఇంకో గీతతో కనబడింది. ఆ రెండో గీతే బ్యాటరీ గుర్తు అని చిన్న డాక్టరు చెప్పారు. మత్తు ఇచ్చి గొట్టంతో తీయాలి, తల్లి గానీ తండ్రి గానీ సంతకం పెట్టాలి. ఎవరూ లేకపోతే నానమ్మతో పెట్టిస్తామని పెద్ద డాక్టరు అన్నారు. మల్లవ్వ, కొడుకు లేకుండా నేనెట్ల పెడుదు అని గోడకు జారగిలబడింది. నేను పక్కన కూర్చుని ఆమె మోకాలి మీద చెయ్యి వేశాను. ఆమె లేచింది. వేలికి సిరా రాసుకుంటుండగా వరండా చివరి నుంచి రాజేశం సార్ దాదాపు పరుగెత్తుతూ వచ్చారు. వెనక అక్షయ తల్లి. తల మీద కంపెనీ వాళ్ళ వల టోపీ ఇంకా అలాగే ఉంది. ఆయన సమావేశం వదిలేసి, కంపెనీ గేటు దగ్గర గొడవపడి, ఆమెను స్కూటర్ మీద తెచ్చారు.

తల్లి సంతకం పెట్టగానే పిల్లను లోపలికి తీసుకువెళ్ళి తలుపు మూశారు. మేం నలుగురం ఆ తలుపు ముందే నిలబడ్డాం. తలుపు తెరుచుకున్నప్పుడు డాక్టరు చేతిలోని గిన్నెలో బిళ్ళ ఉంది, ఒక పక్క నల్లబడి ఉంది. లోపల కాలింది గానీ బొక్క పడలేదన్నారు. ఇంకా ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నారు. తల్లి నేల మీదే కూర్చుండిపోయింది. మల్లవ్వ మిగిలిన తేనె సీసా కొంగులో చుట్టుకుని, సాయంత్రం అభిషేకానికి దాన్నే పోస్తానన్నది. ఎంగిలి అయిందిగా అని రాజేశం సార్ అన్నారు. బిడ్డ తిన్నది ఎంగిలెట్లయితది సారూ అని ఆమె జవాబు.

బడి వదిలి వెళ్ళినందుకు మండల విద్యాధికారి సంజాయిషీ అడిగారు. రాజేశం సార్ తానే పంపానని రాసిచ్చారు. నేను అడగలేదు, ఆయనా ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

మణిదీప్ మాత్రం బడికి రావడం మానేశాడు. ఇంటికి వెళితే మంచం కింద దాక్కున్నాడు. అక్షయను దేవుడి దగ్గరికి తానే పంపానని వాడి నమ్మకం. ఆసుపత్రికి తీసుకువెళ్ళి, గంజి తాగుతున్న పిల్లను చూపించాక గానీ వాడి ఏడుపు ఆగలేదు. అక్షయ కోలుకుని వచ్చాక గుడి ఆట మళ్ళీ మొదలైంది. ప్రసాదం పుట్నాలు, నేనే తెచ్చేదాన్ని. వాడు ప్రతి ఒక్కరికీ నమిలి తినమని చెప్పి, నోరు తెరిపించి చూసి, అప్పుడు వరస కదలనిచ్చేవాడు.

రిటైరయ్యే ముందు కొత్త టీచర్ల శిక్షణలో మాట్లాడమంటే ఈ సంగతే చెప్పాను. ఆ వయసు పిల్లలకు ఆటకూ నిజానికీ మధ్య గోడ ఉండదు. గొంతు పెంచి అడిగితే వాళ్ళ భయం మాత్రమే తెలుస్తుంది. ఆటలో కూర్చుని అడిగితే జరిగింది తెలుస్తుంది. బ్యాటరీతో నడిచే వస్తువు బడిలోకి వస్తే, మూత స్క్రూతో బిగించి ఉందో లేదో చూడాలి. బిళ్ళ మింగిన అనుమానం ఉంటే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి బయలుదేరాలి. అనుమతి తర్వాత అడగవచ్చు.