కన్ను ఎత్తు కొలిచే ఆయన

చూపులాయన ఎవరిని కలిసినా ముందు అడిగేది పేరు కాదు. జేబులోంచి టేపు తీసి, వాళ్ల కన్ను నేలకి ఎంత ఎత్తున ఉందో కొలుచుకుంటాడు. ఆ తరవాతే పలకరింపు.

మాది ఇళ్ల నమూనాలు చేసే ఆఫీసు. ఇటుక పడకముందే ఇల్లు మొత్తం కంప్యూటర్లో లేస్తుంది. అందులో మనిషి నిలబడే చోటు, కన్ను ఎత్తు, చూసే దిక్కు, ఎండ వేళ చెప్పి దాచుకుంటే అది ఒక వ్యూ. మేమంతా ఇంటికి పది దాస్తాం: ముందు నుంచి, పైనుంచి, హాలు, వంటగది, అలా. ఆయన నూట నలభై ఏడు దాస్తాడు. వాటిని వ్యూలు అనడు, చూపులు అంటాడు. ఆ పేరు అలా వచ్చిందే.

నా పక్క కుర్చీ ఆయనది. ఆరేళ్లుగా ఆ జాబితా నా కళ్ల ముందే పెరుగుతోంది. "తలుపు చాటున దాక్కున్న నాలుగేళ్ల పిల్ల." "మెట్లు తుడుస్తూ నడుం నొప్పికి ఆగిన మనిషి." "అలిగి నిలబడ్డ అల్లుడు, బాల్కనీ." "ఎడమ పక్కకి తిరిగి పడుకున్న నానమ్మ, ఉదయం ఆరు." నవ్వుకుంటూ ఏదో ఒకటి తెరుస్తాను. తెరిచాక నవ్వు ఆగిపోతుంది. నానమ్మ చూపులో గోడ మీద అరచెయ్యంత వెలుగు పలచగా వాలి ఉంటుంది. ఇంకా కట్టని ఇంట్లో, ఇంకా వెయ్యని మంచం మీద, ఎవరో ఏళ్ల తరబడి మేలుకుని ఉన్నారనిపిస్తుంది.

చేరిన రోజే మా బాసు గారిని కొలిచి "నూట నలభై ఆరు సెంటీమీటర్లు" అని పైకి చదివాడట. బాసు గారు చుట్టూ చూసి, నూట యాభై ఐదు రాసుకోమన్నారట. కన్ను దగ్గర మొహమాటపడితే రేపు మీ గది కిటికీ మీకే అందదని ఈయన జవాబు. అప్పటి నుంచి ఈయన టేపు తీస్తే చాలు, బాసు గారు గబుక్కున కూర్చుంటారు.

ఒక మధ్యాహ్నం కొరియర్ మనిషి వచ్చేసరికి మా చూపులాయన రెండు చేతులూ నేలకానించి బల్ల కింద ఉన్నాడు.

"పడిపోయారా సార్?"

"లేదు బాబూ, పాకుతున్నాను. తొమ్మిది నెలల పాపని."

కొరియర్ మనిషి పార్సిల్ నేల మీదే పెట్టి, సంతకం కూడా అడక్కుండా వెళ్లిపోయాడు.

ఆయన భార్య ఒకసారి ఆఫీసుకి వచ్చి నా దగ్గర గోడు వెళ్లబోసుకుంది. పాతికేళ్ల కాపురంలో ఆయన తనని చూసింది తక్కువ, తన వెనకాల నిలబడి తనకేం కనిపిస్తుందో చూసింది ఎక్కువట. వంటగదిలో తను నిలబడే చోటి నుంచి ఆకాశం కనబడాలని గోడ అల్మారా కూడా పీకించేశాడట. తిడుతోందో మురిసిపోతోందో నాకు అర్థం కాలేదు.

ఇంతలో పళ్ల డాక్టరు గారి మూడంతస్తుల ఇల్లు మా చేతికొచ్చింది. నమూనా చూడ్డానికి డాక్టరు గారూ ఆయన భార్యా వచ్చి పెద్ద తెర ముందు కూర్చున్నారు. ఆ రోజు సరేనంటే మర్నాడే పునాది తవ్వకం. చూపులాయన ఒక్కో చూపే మారుస్తున్నాడు. ముప్ఫై ఒకటోది వచ్చేసరికి తెరంతా బూడిదరంగు. కిటికీ లేదు, తలుపు లేదు, పక్షి వాలే అంచు కూడా లేదు.

కంప్యూటరు ఆగిపోయినట్టుందని బాసు గారు సర్దిచెప్పబోయారు.

"ఆగలేదండీ," అన్నాడు చూపులాయన. "ఇది డాక్టరు గారి ఇల్లే. పక్కింటి కిటికీలోంచి, పొద్దున పది గంటలకి."

ఆ కిటికీ దగ్గర ఒకావిడ రఫూ పని చేస్తుంది. చిరిగిన బట్టని దారంతో, చిరుగు ఉండేదన్న సంగతే తెలియకుండా అల్లే పని. పీట మీద కూర్చుంటే ఆవిడ కన్ను ఎత్తు తొంభై రెండు సెంటీమీటర్లు. డాక్టరు గారి మెట్ల గోడ సరిగ్గా దానికెదురుగా లేస్తోంది. బల్బు కింద నలుపూ ముదురు నీలమూ ఒకేలా ఉంటాయని, ఆ కిటికీ మూసుకుపోతే ఆవిడ పనీ మూతపడుతుందని ఆయన మెల్లగా చెప్పాడు. పక్కింటావిడ మన క్లయింటు కాదు కదా అని బాసు గారు పళ్లు బిగించి గొణిగారు.

"స్థలం మాది, గోడ మాది," అంది డాక్టరు గారి భార్య. "మా తప్పేముందండీ ఇందులో?"

"తప్పేం లేదమ్మా. ఉన్నది చూపించాను, అంతే."

డాక్టరు గారు లేచి వెళ్లి ఆ బూడిదరంగు ముందు చాలాసేపు నిలబడ్డారు.

"కట్టుడు పన్ను రంగు కుదర్చాలంటే నేను మనిషిని కిటికీ దగ్గరికి తీసుకెళ్తాను," అన్నారు చివరికి, భార్య వైపు తిరిగి. "లైటు కింద చూసి పెడితే, బయటికెళ్లి నవ్వగానే దొరికిపోతాం." తరవాత చూపులాయనని అడిగారు. "మెట్లు అటు పక్కకి తిప్పితే?"

"హాలు రెండడుగులు తగ్గుతుందండీ."

అందరం డాక్టరు గారి భార్య వైపు చూశాం. ఆవిడ కాసేపు వేళ్ల మీద ఏవో లెక్కపెట్టుకుంది.

"ఆ రెండడుగుల్లో ఏం పెడదామనుకున్నామో నాకే గుర్తు రావట్లేదు. తిప్పండి."

మెట్లు అటు తిరిగాయి. ఆయన అదే చూపు మళ్లీ తెరిచాడు. గోడ ఉన్నచోట ఆకాశం. ఇంకా కట్టని ఇంటి పక్కన, ఆయన తప్ప మాలో ఎవరూ చూడని ఒకావిడ ఒళ్లోకి వెలుగు దిగింది.

ఇల్లు పూర్తయిన చాన్నాళ్లకి, నా శాలువా చిరిగితే ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాను. ఎక్కడ పనిచేస్తానో చెప్పగానే ఆవిడ సూది ఆపింది.

"టేపు జేబులో పెట్టుకు తిరిగే ఆయన మీ ఆఫీసేనా? ఈ పక్కిల్లు లేవకముందు ఒక్క వారంలో అయిదు చొక్కాలు తెచ్చాడమ్మా. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అయ్యేదాకా ఇక్కడే నా పక్కన కూర్చునేవాడు. చిరుగులన్నీ ఒకే చోట, బ్లేడుతో కోసినంత తిన్నగా. అడిగితే ఇంట్లో మేకు తగిలిందంటాడు."

"మరి మీరేమన్నారు?"

"ఏమంటాను? మాట్లాడే దిక్కులేక వస్తున్నాడనుకుని టీ పెట్టిచ్చాను. ముందు ఆ మేకు పీకించుకోమను తల్లీ, చొక్కాలేవీ మిగలవు."

చెబుతానన్నాను గానీ చెప్పలేదు. ఇప్పుడు మేమొక బడికి నమూనా చేస్తున్నాం. ఆ స్థలం పక్కనే చెప్పులు కుట్టే పెద్దాయన కూర్చుంటాడు. నిన్న చూపులాయన ఒక కాలికే చెప్పుతో ఆఫీసుకొచ్చాడు.