వంటా వార్పులో దొరికిన థీసిస్

నిన్న సాయంత్రం ఎల్బీ నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే, వినాయకుడి పందిరి దగ్గరి పొయ్యి మీంచి బగారా అన్నం ఆవిరి వచ్చి మొహానికి కొట్టింది. లవంగం, పుదీనా, కాస్త అడుగంటిన వాసన. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వెనక ఎవరో "జర నడువమ్మా" అని విసుక్కున్నా నవ్వుకుంటూ నిలబడ్డాను. ఆ వాసనకి నాకు సుగుణ మేడం గుర్తొస్తారు. ఆవిడ గుర్తొస్తే ఇక నవ్వు ఆగదు.

మేడం నా పరిశోధనకి గైడు. భువనగిరి దగ్గర ఓ పల్లెలో క్రైస్తవ కుటుంబంలో పుట్టి, జర్మనీ వెళ్ళి భాషాశాస్త్రం చదివొచ్చి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందులో మూడో అంతస్తులో కిరాయికి ఉండేవారు. మనిషి కళ్ళారా చూసిన సంగతిని ఎలా చెబుతాడు, ఊరికే అనుకున్నదాన్ని ఎలా చెబుతాడు, అప్పుడు వాక్యం కట్టుబడి ఎలా మారుతుంది? ఆవిడ జీవితమంతా తవ్విన ప్రశ్న ఇది. జర్మన్‌లో తవ్వారు. అమెరికాలో కొండల నడుమ ఒక పెద్ద సరస్సు చుట్టుపక్కల, ఏ కొద్దిమంది ముసలివాళ్ళకో మిగిలిన వాషో అనే భాషలోనూ తవ్వారు. ఆ ముసలివాళ్ళ గొంతులు టేపుల్లో వింటూ, ఉప్మా కలుపుతూ, "చూడు బిడ్డా, వీళ్ళు గూడ మనలెక్కనే క్రియను ఆఖరికి పెడ్తరు. మన చుట్టాలే పో!" అని మురిసిపోయేవారు. నాకు అప్పగించిన పని ఇక్కడి తెలంగాణ తెలుగు.

అక్కడే వచ్చిపడింది చిక్కు. మాది తెనాలి వైపు నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. అవి తెలంగాణ ఉద్యమం ఉవ్వెత్తున లేచిన రోజులు. నోరు తెరిస్తే చాలు, నేను ఎక్కడిదాన్నో తెలిసిపోయేది. ప్రశ్నల కాగితం పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, "అమ్మా, ఈ మాట మీరిలాగే అంటారా?" అని అడిగేదాన్ని. పాపం కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, కొంగు సర్దుకుని, "అవునండీ, అంటామండీ" అనేవాళ్ళు. ఒక్కరంటే ఒక్కరు తమ ఇంటి మాట నా ముందు మాట్లాడలేదు. మేడం ఆ రికార్డింగులు విని నెత్తి కొట్టుకున్నారు. "ఏందిది, టీవీ వార్తలా? మనుషులేరి ఇందుల?" విభాగంలో సమీక్ష దగ్గరపడుతోంది. నిజమైన మాటలు తేలేకపోతే థీసిస్ విషయమే మార్చుకోమన్నారు విభాగంవాళ్ళు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"అడిగితే చెప్పరు బిడ్డా, అనిపియ్యాలె" అన్నారు మేడం. ఎలాగో చూపించారు కూడా. పక్క వాటా యాదమ్మ చూస్తుండగా నా చెప్పులు బకెట్ కింద దాచి, ఇంటి ఓనరు రాగానే నన్ను గోల చెయ్యమన్నారు. నేను అందుకున్నాను. చూడని ఓనరు, "కుక్క ఎత్కపోయిందనుకుంట" అన్నాడు. చూసిన యాదమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతూ, "కుక్క కాదు పాడు కాదు! మేడమే బకెట్ కింద పెట్టుడు నేను జూసిన!" అంది. నాకు కావలసిన రెండు రకాల వాక్యాలూ చిటికెలో వచ్చిపడ్డాయి. తర్వాత మేడం ఇద్దరికీ అసలు సంగతి చెప్పి, ఆ మాటలు వాడుకోవచ్చా అని అడిగారు. ఓనరు మాత్రం మేడం వయసు గుర్తుచేసి వెళ్ళాడు.

ఎంతకని చెప్పులు దాస్తాం! అంతలో ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటా వార్పు అన్నారు. నిరసనగా నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అందరూ కలిసి తినడం అన్నమాట. మేడం పొద్దున్నే మా ఇంటికొచ్చేశారు. నాన్న అడ్డుపడ్డారు.

"మేడం గారూ, రోజులు బాగాలేవండీ. మా అమ్మాయిని ఎవరైనా ఏమైనా అంటారేమో."

"అననియ్యన్నా. అంటేనే కద మాకు పని!"

నవ్వాలో కోప్పడాలో తెలియక నాన్న గుమ్మంలోంచి పక్కకి జరిగి దారి వదిలారు.

రోడ్డంతా డప్పులు, పాటలు, పొగ, బగారా అన్నం వాసన. మేడం ఆడవాళ్ళ మధ్యకి తీసుకెళ్ళి, "ఈమె ఆంధ్రా పిల్ల. మన మాటల మీద సదువుతున్నది. రికార్డు జేస్కుంటదట, సరేనా?" అని ఉన్నదున్నట్టు చెప్పేశారు. నేను మేడం వెనక్కి జరిగాను. ఒక పెద్దామె నన్ను ఎగాదిగా చూసి, "మన మాటల మీద గూడ సదువులున్నయా?" అంది. మేడం నా కాగితాలు లాక్కుని సంచిలో పడేసి, నన్ను కత్తిపీట ముందు కూర్చోబెట్టేశారు. నాకు వంట ఓనమాలు కూడా రావు.

"ఓ పిల్లా! గదేం కోసుడే? గంతగంత ముక్కలు ఎవని నోట్ల వడ్తయ్? మీ అమ్మ నేర్పలేదా? జరుగు!" అని పెద్దామె నన్ను మోచేత్తో తోసింది. అబ్బ, ఆ తిట్టు ఎంత తియ్యగా ఉందో! మొదటిసారి ఎవరో నన్ను సొంత పిల్లలా తిట్టారు. ఇంతలో పప్పులో ఉప్పు రెండుసార్లు పడిందని తెలిసింది. ఇక చూడండి! "నువ్వెయ్యలేదనుకున్న!" "నేనేసుడు నువ్వు జూసినవ్ గదనే!" "నేనేడ జూసిన?" ఉల్లిగడ్డల గంపలో పెట్టిన రికార్డరు తిరుగుతూనే ఉంది. పొయ్యి అవతలి నుంచి మేడం నాకేసి కనుబొమ్మలెగరేశారు. నా థీసిస్ బతికింది.

థీసిస్ మీద మౌఖిక పరీక్ష జరిగిన రోజు నాన్న కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. "వాళ్ళు మీతో సహజంగానే మాట్లాడారని నమ్మకమేమిటి?" అని పరీక్షకుడు అడిగాడు. నేను ఉప్పు తగాదా వినిపించాను. హాలంతా గొల్లుమంది. ఆ నవ్వులో పడి రికార్డింగు ఆపడం మరిచాను. ఆ తర్వాతవీ పొయ్యి దగ్గరి మాటలే, కానీ తగాదా వరకే రాసుకుని ఆపేసినందువల్ల అవి నేను కూడా అప్పటిదాకా వినలేదు. మొదట మేడం గొంతు వచ్చింది.

"ఈ పిల్ల నాయిన బయటికి రానీకి భయపడి ఇంట్లనే ఉన్నడు. ఆయనకు గూడ ఇంత కట్టిద్దాం."

వెంటనే పెద్దామె గొంతు.

"కట్టక మరి? ఆయనేమన్న పరాయోడా!"

వెనక వరసలో నాన్న లేచి నిలబడ్డారు. నేను గబగబా రికార్డరు ఆపాను. "ఆ పూట అది తిన్నది నేనేనండీ. ఉప్పు మాత్రం రెండుసార్లు పడిన మాట వాస్తవం" అన్నారు. అందరికంటే పెద్దగా నవ్వింది మేడమే. నేను నవ్వుతూనే ఏడ్చాను.

మేడం ఇప్పుడు లేరు. ఆవిడంటే నాకు ప్రాణం. ఆ మాట ఆవిడకి చెప్పే ఉన్నాను, అదొక్కటి తృప్తి. నా విద్యార్థులతో ఏ ఊరెళ్ళినా పనయ్యాక రికార్డర్లు ఆపించి, అందరం కలిసి తింటాం. లేచేముందు, భయపడో బిడియపడో ఇంటి దగ్గరే ఉండిపోయినవాళ్ళకి కూడా ఇంత కట్టివ్వమని నోరు తెరిచి అడుగుతాను. ఇంతవరకు ఏ ఊళ్ళోనూ ఎవరూ లేదనలేదు.