రెండు తాళాల గది

నాణ్యత పరీక్షకు తీసిన బొగ్గు నమూనాలు దాచే మా గదికి రెండు తాళాలు. ఒకటి అమ్మే మా కంపెనీది, రెండోది కొనే కరెంటు ప్లాంటుది. ఒకరినొకరు నమ్మని రెండు రాజ్యాల సరిహద్దది. ఆ మధ్యాహ్నం నేను సంచుల పర్వతం వెనక కూర్చుని చీటీలు కడుతుంటే, తాళంచెవులున్న రెండు వైపుల మనుషులూ నన్ను చూడకుండా తాళాలేసి వెళ్లిపోయారు. అవతల మంచిర్యాలలో బావ గృహప్రవేశం, మటన్ భోజనం. నా భార్య బస్టాండులో ఎదురుచూస్తోంది.

ఫోన్ చేస్తే మా కంపెనీవాడు పరుగెత్తుకొచ్చి, తలుపవతల నిలబడ్డాడు.

"అన్నా, మన తాళం తీసిన. రెండో తాళంచెవి ఉన్నాయన జైపూర్ల వాళ్ల ప్లాంటుకు పోయిండు."

"ఆ తాళం పలగ్గొట్టరాదూ తమ్మీ!"

"అమ్మో, సాంపిల్ ఖరాబైతది!"

"మరి నేను ఖరాబైత లేనా?"

బొగ్గుపొడి పీల్చి పీల్చి నా ఊపిరితిత్తులు మేలురకం గ్రేడుకు ఎదిగాయి. "నువ్వు బొగ్గులనే ఉండు, నేను పోతున్న" అని భార్య ఫోన్లో చెప్పి బస్సెక్కింది.

ఒక యుగం గడిచాక జైపూర్ ఆయన వచ్చాడు. తలుపు తీయగానే నా మొహం కాదు, సంచుల సీళ్లు చూశాడు.

"సీళ్లు మంచిగనే ఉన్నయి. కానీ అమ్మేటోళ్ల మనిషి లోపల ఒక్కడే ఉండె గదా, ఇవి చెల్లవన్నా. మళ్ల తియ్యాలె, గిప్పుడే."

పార పట్టుకుని బొగ్గు కుప్ప ఎక్కుతుంటే భార్య ఫోన్.

"మటన్ల నల్లిబొక్కలు అయిపోయినయి. ఇగ ఉరుక్కుంట రాకు."