మేస్త్రిగారి దున్నపోతు

మా మేస్త్రిగారు పోయారు. మొన్న గురువారం ఆఫీసులో భోజనం డబ్బా మూత తీస్తుంటే, ఆయన షాపు పక్కన పంక్చర్లు వేసే అతను ఫోన్ చేశాడు. "అక్కా, మన మేస్త్రి గుండెపోటుతోని పోయిండు. నీ నంబరు షాపు గోడ మీద రాసి పెట్టుకున్నడు, గందుకే చేసిన" అన్నాడు. మూత మళ్లీ పెట్టేశాను.

కర్మన్‌ఘాట్ సందులో ఆయనది కార్ల డెంటింగ్ షాపు. సొట్టలు పడ్డ తలుపులూ బానెట్లూ సాపు చేసేవారు. నేనప్పుడు ఇంజనీరింగ్ మూడో ఏడు, చైతన్యపురిలో హాస్టల్. నలుగురు ఆడపిల్లలం కలిసి పోటీకి ఒక రోబో తయారుచేస్తున్నాం. అది రింగులో ఎదుటి రోబోను కొట్టి పడగొట్టాలి. దానికో వేషం కూడా ఉండాలి, వేషానికి వేరే బహుమతి. రేకు పని చెప్పబోతే ప్రతి షాపువాళ్లూ పొమ్మన్నారు. ఈయన ఒక్కరే నా అట్టముక్కల నమూనాను అటూ ఇటూ తిప్పి చూశారు.

"కొట్లాడేదానికి ముస్తాబెందుకు బిడ్డా?"

"రూలండీ. సింహం మొహం పెడదామనుకుంటున్నాం."

"సింహాన్ని నువ్వెన్నడన్న దగ్గరికెళ్లి జూసినవా? నేనైతే జూడలే. దున్నపోతును వెట్టు. సదర్ పండుగకు జూడు, ఎట్ల ముస్తాబైతదో!"

మాది గుంటూరు వైపు. దీపావళి అయ్యాక దున్నపోతులకు నూనె రాసి, దండలేసి ఊరేగిస్తారని ఆయన చెబితేనే తెలిసింది. నల్గొండ పల్లెలో చిన్నప్పుడు గేదెలు కాసిన మనిషి. మూడు వారాలపాటు కార్ల పని అయ్యాక రేకుతో ఆ దున్నపోతు మొహం చేసే పని మీదే కూర్చున్నారు. నాలుగు దెబ్బలు వేయడం, రేకు మీద గుడ్డ పరిచి కళ్లు మూసుకుని అరచేత్తో నిమరడం. "కన్ను మోసం జేస్తది, చెయ్యి జెయ్యది" అనేవారు. నేను సుత్తి పట్టుకుని ఎడాపెడా బాదితే, "రేకుతోని లొల్లి వెట్టుకుంటవేంది? జర బతిమాలాలె" అని లాక్కునేవారు. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. మొదటి రోజే కనిపెట్టి, మిర్పకాయ అని పేరు పెట్టేశారు.

అంతకుముందు ఏడు మా డిజైన్‌ను ఎవరో వాట్సాప్ స్టేటస్‌లో చూసి కాపీ కొట్టారు. అందుకని ఈసారి ఫోటోలు తీయొద్దు, ఎవరికీ చూపించొద్దు అని నేనే గట్టిగా చెప్పాను. ఆయన ఇంట్లోవాళ్లకు కూడా చూపించలేదు. పోటీ ముందు రోజు తూచాం. పదిహేను కిలోల హద్దుకు కాస్త తక్కువే ఉంది. హమ్మయ్య అనుకుని, రోబోను షాపులోనే ఉంచి హాస్టల్‌కి వెళ్లిపోయాం.

మర్నాడు అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఉన్న కాలేజీకి ఆయనే ఆటోలో రోబోను తెచ్చారు. తూకం బల్ల దగ్గర గుడ్డ తీస్తే నల్లగా, నున్నగా మెరిసిపోతోంది. అబ్బ అనుకునేలోపే అంకె కనబడింది. మూడు వందల గ్రాములు ఎక్కువ! తెల్లారే లేచి, కార్లకు చేసినట్టే పుట్టీ పట్టించి, పెయింట్ కొట్టేశారు. సుత్తి గుర్తులు కనబడేలా ఏ బండినీ ఆయన షాపు గడప దాటించేవారు కాదు మరి.

"ఎవరు పెట్టమన్నారండీ మిమ్మల్ని? మా ఏడాది కష్టమంతా నాశనం చేశారు!" అని అందరి ముందూ అరిచాను. నాన్న కంటే పెద్దాయన మీద.

అరగంట టైమిచ్చారు. పుట్టీ రాయిలా గట్టిపడింది, గీకితే అయ్యే పని కాదు. మొహాన్నేమో పై పలకకు వెల్డింగ్ చేసేశారు. "కోసేస్త తియ్ బిడ్డా, పరేషాన్ గాకు" అని ఆయనే కటింగ్ మెషీన్ అందుకున్నారు. మూడు వారాల మొహం ముక్కలై కింద పడింది. వేషం లేనందుకు కొన్ని పాయింట్లు కోత పడ్డా, వట్టి ఇనప్పెట్టెతో దిగి ఒక పోరు గెలిచాం, రెండోది ఓడిపోయాం. గెలిచినప్పుడు అందరికంటే గట్టిగా ఈల వేసింది ఆయనే.

క్షమించమని అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో. అడగలేదు. ఏటా సదర్ రోజు ఫోన్ చేసేవారు. "మిర్పకాయ్, దున్నపోతులొచ్చినయ్. వస్తవా?" అంటే, "వచ్చే ఏడు తప్పకుండానండీ" అనేదాన్ని. ఆ ఫోన్ ఇంకొక్కసారి మోగితే, ఉన్నపళంగా పరిగెత్తుకెళ్తాను.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. ఆయన్ను అడగాల్సిన క్షమాపణ ఆయన భార్యను అడిగి ఏడ్చాను.

"గాయనకు కోపమెక్కడిది బిడ్డా? నేనే మల్ల తూసి తీస్కపోవాల్సింది, పోరి పరేషానైంది అన్నడు, గంతే." నా పక్కకు జరిగి కూర్చుని, మెల్లగా అడిగారు. "అన్నం తింటున్నా గా మొకం ముచ్చటే వెట్టెటోడు. పోటీ అయినంక జూపిస్తనన్నడు. నేను జూడకనే పాయె. నువ్వు జూసినవ్ గద. ఎట్లుండె?"

చెంబు నీళ్లలో వేలు ముంచి నేల బండ మీద గీయడం మొదలుపెట్టాను. వెడల్పు నుదురు, వెనక్కి వంగిన కొమ్ములు, ఉబ్బిన ముక్కుపుటాలు. ఆవిడ వంగి, రెప్ప వేయకుండా చూస్తున్నారు.

"మరి కండ్లు?"

కళ్లు ఆయన దిద్దింది ఆ పొద్దునే, పెయింట్‌తో పాటు. ఆ పొద్దున నేను చూసింది తూకం మీది అంకెను. బండ మీద నా వేలు ఆగిపోయింది. గీసిన కొమ్ములు అప్పటికే ఆరిపోతున్నాయి.