గాజుల చిలుకమ్మ చెయ్యి

రంగశాయిపేటల ఆడోళ్లకు గాజులంటె చిలుకమ్మ చెయ్యే కావాలె. చెయ్యి పట్టుకొని, మెత్తగ పిసికి, ముచ్చట్ల వెట్టి, నొప్పి తెల్వకముందే డజను గాజులు మనికట్టు దాటించేది. మొగుడు సారంగపాణి పని మలారం మోసుడే. ఆ గాజుల కట్ట భుజానికేసుకొని ఇరవై ఏండ్లు ఆమె ఎనుక తిరిగిండు గని, ఒక్క ఆడమనిషి చెయ్యి ముట్టలేదు. "మా ఆయినెకు మోసుడొక్కటే వస్తది" అని చిలుకమ్మ నలుగుట్ల నవ్వేది. ఆయినె గూడ నవ్వేటోడు.

ఎనభై రెండుల, ఎండకాలం పెండ్లిళ్లప్పుడు, ఒక పెండ్లిపిల్ల చేతిమీద గాజు చిట్లింది. గాజన్నంక చిట్లుతది, సరే. మల్లొకటి చిట్లి నెత్తురొచ్చింది. పెండ్లింట గాజు పగిలితె ఊకుంటరా? ఇంకో రెండిండ్లల్ల గూడ అదే కత. గాజు పట్టిన చెయ్యి మనికట్టు కాడికి రాంగనే పక్కకు గుంజుకపోతాంది. కొన్నాళ్లకు నడకల తూలుడు మొదలైంది, మాట ముద్దముద్దగ రావట్టింది. చూసేటోళ్లకు నోరు ఊకుంటదా, కల్లు తాగొచ్చి గాజులు తొడుగుతాందన్నరు. పిలిచే ఇండ్లు బందైనయి.

దసర నాడు సుత గుక్కెడు ముట్టని మనిషి. ఆ సంగతి సారంగపాణి కంటె ఎక్కువ ఎవలికెర్క? అయినా గని, లోకం అనంగ అనంగ ఆయినె మనసుల గూడ పురుగు తొలిసింది. ఒకనాడు బాయికాడ ఆమె తూలి పడితె లేవట్టి, మూతి దగ్గరికి వంగి వాసన చూసిండు. చిలుకమ్మకు సమజైంది. సరిగ్గ చూసుకో అన్నట్టు నోరు తెరిచి నిలవడ్డది. సారంగపాణి సిగ్గుతోని తల ఎత్తలేకపోయిండు.

అప్పటిసంది దవాఖాన్ల పొంటి తిరుగుడే. ఒకాయన నరాల బలహీనతని ఎర్ర సూదులిచ్చిండు, ఇంకొకాయన టానిక్ రాసిండు. తాయెత్తు గూడ కట్టిచ్చిండ్రు. అందరు చేతులే చూసిండ్రు, నాలికే చూసిండ్రు. ఆఖరికి హైదరాబాద్ల ఒక డాక్టరమ్మ రైక ఇప్పించి ఒళ్లంత చూసి, ఎడమ రొమ్ముల చింతగింజంత గడ్డ పట్టుకున్నది.

"ఇది క్యాన్సర్. గడ్డతో ఒళ్లు చేసే పోరాటంలో మెదడుకు కూడా దెబ్బ తగిలి, కొందరికి గడ్డ బయటపడకముందే ఇలా చేతులు, నడక, మాట పట్టు తప్పుతాయి. ఈమె చేతులే మనకు ముందు చెప్పాయి" అన్నదామె.

చిలుకమ్మ తల వంచుకున్నది. "గడ్డ ఉన్నదని నాకెర్కనే అమ్మా. నొప్పి లేకుండె. చేతులకేమైందని అడిగిండ్రు, చేతుల సంగతే చెప్పిన."

క్యాన్సరంటె సారంగపాణికి గుండె జారింది. మల్ల లోపల్లోపల పానం లేచొచ్చింది. దొంగ దొరికిండు గద, గడ్డ తీస్తె చేతులొస్తయి. ఆ ఆశతోనే ఆపరేషన్ కాయితం మీద ఏలుముద్ర ఏసిండు. గడ్డ తీసిండ్రు. నెలలు గడిచినయి, చేతులు రాలె. పోయి అడిగితె, "మెదడులో దెబ్బతిన్నది తిరిగి రావడం కష్టం. మనిషి దక్కింది, అదే చాలనుకోండి" అన్నది డాక్టరమ్మ. ఎట్ల చాలనుకుంటడు? ఎవల మీద కోపం చెయ్యాల్నో తెల్వక బస్టాండ్ల కూసోని ఏడ్చిండు.

అంతల బిడ్డ అనసూయకు ఏడో నెల వడ్డది. గాజులు నేనే తొడుగుత అని చిలుకమ్మ ముందే మాట తీసుకున్నది. సీమంతం నాడు పీటమీద కూసోని బిడ్డ చెయ్యి పట్టింది. మొదటి పచ్చగాజు చిట్లింది. రెండోది చిట్లింది. "ఏంగాదవ్వా, ఇంకోటి తొడుగు" అన్నది అనసూయ, చెయ్యి తియ్యకుంట. మూడోది గూడ పగిలినంక చిలుకమ్మ మొగుని దిక్కు చూసింది.

"నువ్వు తొడుగు" అన్నది ముద్దమాటతోని.

ఇరవై ఏండ్లు కండ్లతోని చూసిన పనే. మెల్లగ పిసుక్కుంట, ఒక్కటి పగలకుంట, బిడ్డకు రెండు చేతుల నిండ తొడిగిండు. రెండు గాజులు చిలుకమ్మకని పక్కన వెట్టిండు. ఆమె చేతులకు ఎప్పుడో గాజుల్లేవు, గోడకు తలిగి తలిగి అన్ని పగిలినయి. ఊరందరికి గాజులు తొడిగిన మనిషి, మొగుడుండంగ ఒట్టి చేతులతోని తిరుగుతాంది.

చిలుకమ్మ చెయ్యి సాపింది. గాజు దగ్గరికొచ్చిన కొద్ది ఆ చెయ్యి ఇంకింత ఊగుతాంది. జర ఆగుతదేమోనని సారంగపాణి గాజు పట్టుకొని కూసున్నడు. అది ఆగలేదు.